గానం: గణేష్‌బాబు

జూన్ 4

అయింది! పదిహేడు నిమిషాల పాట, మొదటినుంచి చివరిదాకా ఎక్కడా ఆగకుండా రికార్డయింది. పెద్దాపురంలో, మా గిటారిస్టు ఉదయ్‌కుమార్ వాళ్ళ రైస్‌మిల్లు మేడమీద గదిలో, నాలుగోసారికి. ఆఖరి స్వరం ఆగిపోయింది. పల్లంరాజుగారు డ్రమ్ము పుల్లలు ఒళ్ళో పెట్టుకుని, "ఇంక నన్ను పెళ్ళి ఊరేగింపులకి ఎవరూ పిలవకపోయినా ఫర్వాలేదమ్మా" అన్నారు. నలభై ఏళ్ళు బ్యాండుమేళంలో వాయించిన మనిషి.

బుజ్జిబాబు పాడిన తీరు గురించి రాయబోతే చెయ్యి ఆగిపోతోంది. ఉప్పాడలో బోటు మీద చేపల వేటకి వెళ్ళే మనిషి. మూడేళ్ళుగా, వేసవిలో వేట నిషేధం ఉన్న రెండు నెలలూ మా దగ్గరికి వస్తున్నాడు. ఇటాలియన్ మాటలన్నీ వాళ్ళ పాప పాత నోటుపుస్తకంలో తెలుగు అక్షరాల్లో రాసుకున్నాడు. "తోర్నా లాక్వా, తోర్నా ఆ కాసా." నీళ్ళు తిరిగొస్తాయి, ఇంటికి తిరిగొస్తాయి. ఆ మాట వాడు పాడితే వరద చూసినవాడు పాడినట్టుంటుంది. చూశాడు కూడా.

ఈ పాటలు మాకు చూపించింది ఉదయ్‌కుమారే. అది ఒప్పుకోవాలి. యాభై ఏళ్ళ కిందట ఇటలీలో పో నది డెల్టాలో నలుగురు కుర్రాళ్ళు పెట్టిన బ్యాండు, 'గోలేనా'. ఒకే ఒక్క రికార్డు వేసి విడిపోయారు. గోలేనా అంటే నదికీ గట్టుకీ మధ్య వరద ముంచే నేల అని ఉదయ్ చెబితే పల్లంరాజుగారు, "లంక అని చెప్పొచ్చు కదండీ, అంత తిప్పడం ఎందుకు?" అన్నారు. పాటలో ఏడు దెబ్బల లెక్క వచ్చినప్పుడు నేనూ ఉదయ్‌కుమారూ తెల్లమొహాలు వేస్తే ఆయనే, "తకిట తకధిమి. మిశ్రచాపు. దీనికింత కంగారేంటి?" అని వాయించి చూపించారు.

మధ్యాహ్నం ఒక పత్రికాయన వచ్చాడు. మూడేళ్ళ కష్టం గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. "తెలుగుని ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్ అంటారు కదండీ" అని ఆయనే చెప్పి, ఆయనే రాసుకుని, టీ తాగి వెళ్ళిపోయాడు. అచ్చులతో ముగిసే మాటలుంటే చాలా, గొంతు అక్కర్లేదా? ఒళ్ళు మండింది.

ఆ గోలేనా గాయకుడు పోయాడు. ఆయన కూతురు క్లారా, వాళ్ళ ఊళ్ళో ప్రతి అక్టోబరులోనూ ఒక ఉత్సవం చేస్తుంది. ఆ కాలపు ఇటలీ పాటల్ని ఇప్పుడు వాయిస్తున్న బ్యాండ్లని దేశదేశాలనుంచి పిలుస్తుంది. జూన్ ముప్పైలోగా వీడియో పంపాలి. ఆరు బ్యాండ్లకే చోటు.

జూన్ 11

రేపు స్కూలు తెరుస్తారు. సంగీతం టీచర్ని కాబట్టి ప్రార్థన గీతం దగ్గరనుంచి మైకు వైరు దాకా నా నెత్తినే. ఉదయ్‌కుమార్ ఫోన్ చేసి వీడియో గురించి ఏదో అన్నాడు. సరిగా వినలేదు.

జూన్ 15

నిషేధం నిన్నటితో అయిపోయింది. బుజ్జి ఈ ఉదయం బోటెక్కాడు. వెళ్ళేముందు ఫోన్ చేశాడు. "పది పన్నెండు రోజులకిగాని రామండి. వీడియో షూటింగు నేనొచ్చాకే కదండీ?"

ఔననుకుంటా అన్నాను.

జూన్ 20

ఒంటిపూట సెలవు పెట్టుకుని పిఠాపురం నుంచి బస్సులో పెద్దాపురం వెళ్ళాను. గదిలోకి అడుగుపెట్టేసరికి మైకు ముందు గణేష్‌బాబు నిలబడి ఉన్నాడు. ఉదయ్‌కుమార్ బావమరిది. కాకినాడలో జిమ్ము నడుపుతాడు. నల్ల కుర్తా, చేతికి వెండి కడియం, జుట్టుకేదో పూసుకుని.

"ఈయనెందుకండీ?" అన్నాను.

"వాడు సముద్రంలో ఉన్నాడు సత్యగారూ. ముప్పయ్యో తారీకు లాస్ట్ డేట్. ఏం చెయ్యమంటారు?"

"ఇంకా పది రోజులుంది కదా. వచ్చాక తీద్దాం."

"ఒకవేళ రాకపోతేనో? అయినా వీడియోకి ఒక ఫేస్ కావాలండి. గొంతు వాడిదే కదా, నేనేమైనా తీసేశానా?"

"ఫేస్ అంటే?"

"అదేనండి... మీకు తెలుసు కదా."

నాకేం తెలుసు? బుజ్జిది ఎండలో మాడిన ముఖం, పన్ను విరిగిన నోరు, మెడలో నల్లతాడు. చేపల బజారులో ఆ ముఖం కనబడితే ఎవరూ రెండోసారి చూడరు. అదే కదా ఆయన చెప్పలేక చెప్పింది. నాకు ఎవరూ ముందు చెప్పలేదు. చెప్పి ఉంటే అప్పుడే తేల్చేసేదాన్ని.

కెమెరావాళ్ళు లైట్లు పెట్టేసుకున్నారు. నేను కీబోర్డు ముందు కూర్చుని వాయించాను. వాయించడమంటే వాయించినట్టు నటించడం. గణేష్‌బాబు నోరు ఆడించాడు. 'లాక్వా' దగ్గర నోరు మూసేశాడు. గొంతు సాగుతూనే ఉంది, నోరు మూసి ఉంది. నాలుగైదు సార్లు తీశారు. పల్లంరాజుగారు ఒక్కసారి కూడా తలెత్తలేదు.

లేచి వచ్చెయ్యొచ్చు. కానీ నలుగురిలో గొడవ చేస్తే ఏం బాగుంటుంది? అదీ కాక సాయంత్రం బస్సు.

జూన్ 21

తలనొప్పి. నాకు ఎవరూ ముందు చెప్పలేదు.

జూన్ 27

ఉదయ్‌కుమార్ వీడియో పంపేశాడు. యూట్యూబులోనూ పెట్టాడు. చివర్లో పేర్లు: గిటార్, ఉదయ్‌కుమార్. కీబోర్డు, సత్యకుమారి. డ్రమ్స్, పల్లంరాజు. గానం: గణేష్‌బాబు.

గానం! గణేష్‌బాబుకి 'స' ఎక్కడుందో తెలుసా? వెంటనే ఫోన్ చేశాను.

"గొంతు తియ్యలేదన్నారు. పేరు ఎవరు తీశారండీ?"

"ముఖం ఒకరిది, పేరొకరిది వేస్తే చూసేవాళ్ళు కన్‌ఫ్యూజ్ అవుతారు కదండీ."

"అందుకని గొంతు మూడోవాడిదైనా ఫర్వాలేదా?"

"మీరు ఆవేశపడకండి సత్యగారూ. బ్యాండు కోసం చేశాను. నాకోసం కాదు."

బ్యాండు కోసమట. దోచుకునేవాడు కూడా ఇంటిల్లిపాది కోసమే దోచుకుంటాడు.

స్టాఫ్‌రూములో హెడ్‌మిస్ట్రెస్ శ్యామలాంబగారు ఫోనులో చూసి, "మీ సింగర్ భలే ఉన్నాడండీ, సినిమాల్లోకి వెళ్ళొచ్చు" అన్నారు. నవ్వాను. ఎందుకు నవ్వానో!

జూలై 1

బుజ్జి వచ్చాడు. వీడియో చూశాడట. నేనే ముందు ఫోన్ చేసి ఉండాల్సింది.

"చూశానండి" అన్నాడు ఫోనులో.

"బుజ్జీ, నాకు మహా కోపంగా ఉంది తెలుసా?"

"మీ చెయ్యి బాగా పడిందండి. మొదట్లో ఆర్గాను వచ్చేచోట."

అంతే. ఒక్క తిట్టు లేదు. నేనే కాసేపు ఉదయ్‌ని తిట్టాను. వాడు "ఊఁ" కొట్టాడు. అవతల ఐసు కొట్టే చప్పుడు.

జూలై 9

ఆరింట్లో మాకు చోటొచ్చింది. ఈ మాట రాసేటప్పుడు ఎగిరి గంతెయ్యాలి. మూడేళ్ళుగా అనుకున్నది. కానీ ఏం జరిగిందో రాయాలి, రాయకపోతే ఈ కోపం నన్నే తినేస్తుంది.

ఉదయ్‌కుమార్ అందర్నీ మిల్లుకి పిలిచాడు, బుజ్జిని తప్ప. స్వీట్లు తెప్పించాడు. గణేష్‌బాబు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"మరి అక్కడ స్టేజీ మీద ఎవరు పాడతారండీ?" అన్నాను. "అక్కడ కెమెరాకి కాదు, మనుషుల ముందు."

"ఆలోచించాను" అన్నాడు ఉదయ్. "బుజ్జిబాబుని కూడా తీసుకెళ్దాం. మస్కట్ బోట్ల పనికని అప్పుడెప్పుడో పాస్‌పోర్టు తీయించుకున్నాడు కదా. సౌండ్ టెక్నీషియన్ అని పేరు ఇద్దాం. స్టేజీ పక్కన తెర ఉంటుంది. వాడు దాని వెనకాల పాడతాడు. ముందు గణేష్ ఉంటాడు. బుజ్జిబాబుకీ ఇటలీ చూసినట్టు ఉంటుంది కదండీ."

ఇంత అన్యాయాన్ని ఇంత దయగా చెప్పడం ఎక్కడ నేర్చుకున్నాడో! తెర వెనకాల నిలబెట్టి పాడించుకుంటాడట, పైగా ఊరు చూపిస్తాడట! పల్లంరాజుగారి వైపు చూశాను. ఆయన లడ్డూ గిల్లుకుంటూ తింటున్నారు.

"మీరేమీ అనరేంటండీ?"

"అనాల్సినవాడు బుజ్జి కదమ్మా" అన్నారు.

జూలై 10

బుజ్జి ఒప్పుకున్నాడు!

"తెర వెనకాల పాడతావా? నీ గొంతుకి వాడు నోరు ఆడిస్తుంటే?"

"వెళ్దామనే ఉందండి."

"నీకు సిగ్గనిపించడం లేదా?"

"పాట పాటేనండి మేడంగారూ" అని ఫోన్ పెట్టేశాడు.

పౌరుషం లేని మనిషి. వీడి కోసమా నేను నిద్ర పాడు చేసుకున్నది? ఇలాంటివాళ్ళు ఇలా ఉండబట్టే ఉదయ్‌కుమార్లు అలా ఉంటున్నారు.

జూలై 12

క్లారాకి మెయిల్ రాశాను. వీడియోలో పాడినట్టు కనిపిస్తున్న మనిషి పాడలేదనీ, పాడినవాడు ఉప్పాడ అనే ఊళ్ళో వేట చేసుకునే బుజ్జిబాబు అనీ, ఉత్సవంలో కూడా ఇదే నాటకం ఆడబోతున్నారనీ. ఇదంతా నాకు తెలియకుండా జరిగిందనీ, షూటింగు రోజు దాకా నన్ను చీకట్లో ఉంచారనీ.

బుజ్జికి చెప్పాలా అనుకున్నాను. చెబితే వద్దంటాడు. మంచివాడు, వద్దనే అంటాడు. అందుకని చెప్పలేదు. వాడి కోసమే కదా.

పంపాక తేలిగ్గా ఉంది. నెల రోజుల్లో ఇవాళే అన్నం సయించింది.

జూలై 15

జవాబొచ్చింది. రెండు పేరాలు. నిజం చెప్పినందుకు నాకు కృతజ్ఞతలు. ఉత్సవం నియమాల ప్రకారం మా బ్యాండు పేరు తీసేశారు. ఉదయ్‌కుమార్‌కీ అదే మెయిల్.

ఆయన ఫోన్ చేశాడు. అరుపులు. "ఎంత పని చేశారండీ! ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్ని?"

"నా మనస్సాక్షి" అన్నాను. ఆ మాట బాగా వచ్చింది. రెండుసార్లు అన్నాను.

జూలై 16

సాయంత్రం బుజ్జి మా ఇంటికొచ్చాడు. ఉప్పాడ నుంచి బండి మీద. లోపలికి రమ్మంటే రాలేదు. గేటు దగ్గరే నిలబడ్డాడు. వాడికి మేలు చేశానన్న నమ్మకంతో నేను మంచినీళ్ళు పట్టుకుని ఎదురెళ్ళాను.

"నన్నడిగారా అండి?" అన్నాడు.

"ఏంటి బుజ్జీ?"

"ఆ ఉత్తరం రాసేముందు. నన్నడిగారా?"

"నీకు అన్యాయం జరుగుతోంటే..."

"జరుగుతోంది నాకండి. మీకు కాదు." వాడు గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "తెర వెనకాల ఎందుకు ఒప్పుకున్నాననుకున్నారు? ఇక్కడ కాదంటే నన్ను తీసుకెళ్ళరు. అక్కడికెళ్ళాక స్టేజీ మీద నన్ను ఎవరాపుతారండి? రెండోసారి తకిట తకధిమి వచ్చినప్పుడు నేను పాడుకుంటూ ముందుకొచ్చేద్దును. ఏం జరిగినా వాయింపు ఆపనని పల్లంరాజుగారు మాటిచ్చారు. అంత జనంలో, ఆ పెద్దాయన కూతురి ముందు. గణేష్‌బాబుగారు నోరు ఆడించుకుంటూ ఉండేవారు, పక్కన నేను పాడుతూ ఉందును. ఎవరిదేదో ఎవరూ చెప్పక్కర్లేదు."

చేతిలో నీళ్ళు గేటు గోడ మీద పెట్టాను.

"నాకెందుకు చెప్పలేదు బుజ్జీ?"

"మీరు ఆగలేరండి. కోపమొస్తే అందరికీ చెప్పేస్తారు." తల వంచుకుని, "కోపం రావాల్సిన రోజున మాత్రం రాలేదు. ఉదయ్‌గారు మీకు పదకొండో తారీకునే ఫోన్ చేసి అంతా చెప్పారంట కదండి. నేను పదిహేనున బోటెక్కాను. మధ్యలో నాలుగు రోజులున్నాయి" అన్నాడు.

నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయాడు.

జూలై 17

రాస్తాను. ఇది ఎవరూ చదవరు కదా.

జూన్ పదకొండున ఉదయ్‌కుమార్ ఫోన్ చేసి స్పష్టంగానే చెప్పాడు. "వీడియోకి బుజ్జిబాబు ముఖం పనికిరాదు సత్యగారూ, మా గణేష్‌ని నిలబెడదామనుకుంటున్నాను, మీకేమైనా అభ్యంతరమా?" అని అడిగాడు. అడిగాడు కూడా. నేను, "మీ ఇష్టమండీ" అన్నాను. టీవీ శబ్దం లేదు, ఎవరూ పిలవలేదు, స్కూలు పని ఏమీ లేదు. చక్కగా వినబడింది. నా పక్కన నిలబడేది ఎవరైనా వీడియో బాగుంటే ఇటలీ వెళ్తాననుకున్నాను. నలభై మూడేళ్ళలో హైదరాబాదు దాటి వెళ్ళలేదు.

అందరికన్నా గట్టిగా అరిచింది నేనే. అరవకపోతే ఆ ఫోను వినబడుతుంది.

జూలై 18

ఏమీ లేదు. పిల్లలచేత సరళీస్వరాలు పాడించాను.

జూలై 20

ఆదివారం. ఉప్పాడ వెళ్ళాను. బుజ్జి ఇంటి ముందు వాళ్ళమ్మ పాపాయమ్మ చేపలు ఆరబెడుతోంది. నన్ను చూసి, "కీబోర్డు మేడంగారా? కూకోండి, వాసనొత్తాది మరి" అని పీట వేసింది. బుజ్జి వల బాగుచేసుకుంటూ తలెత్తలేదు.

"తప్పు నాది బుజ్జీ" అన్నాను. "రెండుసార్లు. నోరు మూసుకున్నప్పుడొకటి, తెరిచినప్పుడొకటి. రెండుసార్లూ నిన్నడగలేదు. ఇప్పుడడుగుతున్నాను. ఏం చెయ్యమంటావు?"

చాలాసేపు వలే చూసుకున్నాడు. నేనూ ఏమీ మాట్లాడలేదు. నాకు అదే కష్టం.

"ఆవిడకి ఇంకో ఉత్తరం రాయాలండి" అన్నాడు చివరికి. "నేను చెబుతాను. మీరు ఇంగ్లీషు చెయ్యండి. అంతే. మీ మాట ఒక్కటీ కలపకూడదు."

ఫోను తీశాను. వాడు చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాసుకుంటున్నాను.

"అమ్మా, నా పేరు బుజ్జిబాబు. వీడియోలో గొంతు నాది. తెర వెనకాల పాడతానని ఒప్పుకున్న మాట నిజమే. మధ్యలో ముందుకొచ్చేద్దామని ఒప్పుకున్నాను. మీ నాన్నగారి పాట నేను మూడేళ్ళు నేర్చుకున్నాను. రెండో భాగంలో ఒకచోట ఆయన పెద్ద చరణం అంతా ఊపిరి తీసుకోకుండా పాడారు. నాకు మొదట సగంలోనే ఆగిపోయేది. బోటు మీద, వల లాగేటప్పుడు సాధన చేశాను. ఇప్పుడు వస్తుంది. నాకు చోటిచ్చినా ఇవ్వకపోయినా ఆ సంగతి మీకు తెలియాలని."

అక్కడ ఆగాడు. అయిపోయిందనుకున్నాను.

"ఇంకొకటండి. 'మీకు ముందు ఉత్తరం రాసిన మేడంగారు తనకేమీ తెలియదని రాశారు. ఆవిడకి తెలుసు. తెలిసి ఊరుకున్నారు. తర్వాత ఊరుకోలేకపోయారు.' అది కూడా రాయండి."

నా వేళ్ళు ఆగాయి. పాపాయమ్మ చేపలు తిప్పుతూ నా వైపు చూసింది.

"రాశారా అండి?"

"రాశాను."

"చదవండి."

చదివాను. ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి. ఫోను తీసుకుని వాడే పంపాడు.

జూలై 28

ఉదయ్‌కుమార్ మిల్లు గదికి కొత్త తాళం వేశాడు. నా కీబోర్డు స్టాండు లోపలే ఉండిపోయింది. నిన్న కాకినాడలో ఏదో హోటల్ ఫంక్షన్‌లో రికార్డింగు పెట్టుకుని గణేష్‌బాబుచేత మళ్ళీ నోరు ఆడించాడట. చప్పట్లు కొట్టారట కూడా. ఈసారి ఏం చేద్దామని బుజ్జిని అడిగాను. "ఆ పాట నాలుగు చోట్ల రికార్డింగు లేకుండా పాడమని అడిగితే గణేష్‌బాబుగారే దొరికిపోతారండి. మీరు ఊరుకోండి" అన్నాడు. ఊరుకున్నాను. ఇది వేరే ఊరుకోవడం. ఐనా పళ్ళు నూరుకుంటూనే ఉన్నాను.

పల్లంరాజుగారి ఇంట్లో వెనక వసారాలో వాయించుకుంటున్నాం, ముగ్గురం. గిటారు లేదు. ఆ భాగం నేను ఎడమచేత్తో లాగుతున్నాను.

ఆగస్టు 3

క్లారా జవాబు రాసింది, నా మెయిల్‌కే, బుజ్జికని.

ఈ ఏడాది మా చోటు అర్జెంటీనా బ్యాండుకి ఇచ్చేశారట. మార్చడం కుదరదట. వచ్చే ఏడాది బుజ్జే ముందు నిలబడి పాడేట్టయితే పిలుస్తానంది. నా గురించి ఒక్క మాట లేదు. న్యాయమే.

తర్వాత ఇంకో పేరా ఉంది. అది చదువుతూ ఉప్పాడకి ఫోన్ చేశాను.

"బుజ్జీ, ఆ ఊపిరి తీసుకోని చోటు ఉందే. వాళ్ళ నాన్న అలా పాడలేదట. ఆయన మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడట. రికార్డింగువాళ్ళు టేపు కత్తిరించి, ఆ ఊపిరి తీసేసి అతికించారట. స్టేజీ మీద ఆయన ఎప్పుడూ ఆ చోట ఆగేవాడట. అలా పాడటం ఎవరివల్లా కాదు అనేవాడట."

అవతల నవ్వు మొదలైంది. ఆగదే! పాపాయమ్మ "ఏంట్రా, ఏంటి?" అని అడగడం, వాడు చెప్పలేకపోవడం వినబడుతున్నాయి.

"అయితే మూడేళ్ళు నన్ను ఉత్తినే చంపాడాండి పెద్దాయన!"

"ఆవిడ అడుగుతోంది, నీ రికార్డింగులో కూడా ఎక్కడైనా కత్తిరించారా, నువ్వు నిజంగానే పాడావా అని. జవాబు ఏమని రాయమంటావు?"

నవ్వు ఆగింది.

"పాడానని రాయండి."

"ఇంకేమైనా?"

"ఇంకేం లేదండి. నిజంగానే పాడానని రాయండి."

రాశాను. ఒక్క మాట కూడా కలపలేదు.